రాళ్ల మధ్య రంగుల పూలు

పెనుగొండలో రాక్ గార్డెన్ పెంచాలని ఉందా? ఆల్ప్స్ కొండల పూలమొక్కలు మంచుకు తట్టుకుంటాయి కానీ మన వేసవికి తాళలేవు. వాటికి బదులు యుఫోర్బియా మిలీ నాటుకోవచ్చు. మడగాస్కర్‌లో పుట్టిన ఈ ముళ్ల మొక్క ఏళ్ల తరబడి బతుకుతుంది. 1821లో దీన్ని ఫ్రాన్స్‌కు చేర్చిన మిలియస్ పేరే దీనికి పెట్టారు. ఎండ బాగా తగిలితే ఏడాదంతా పూస్తుంది.

దీనికి ఎండతో పేచీ లేదు; చిక్కల్లా డెల్టా నల్లమట్టిలో నిలిచే నీటితోనే. వానాకాలంలో వేళ్లు కుళ్లిపోతాయి. అందుకే మట్టిలో ఇసుక, గులకరాళ్లు కలిపి, అడుగు ఎత్తున దిబ్బ పోసి నాటాలి. పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలి. కొమ్మ కత్తిరిస్తే నాలుగు రోజులు నీడలో ఆరనిచ్చి ఇసుకలో గుచ్చితే మరో మొక్క సిద్ధం.

ఒక్క జాగ్రత్త! కొమ్మ తుంచితే కారే పాలు ఒంటికి తగిలితే మంట, కళ్లలో పడితే ప్రమాదం. చేతికి తొడుగులు వేసుకోండి. పిల్లలు ఆడుకునే చోట మాత్రం నాటవద్దు.