మోకాలి జిగురు లెక్క

గిన్నెలో కోడిగుడ్డు తెల్లసొన వేసి చెంచాతో గిరగిరా తిప్పండి. చటుక్కున ఆపండి. అందులోని బుడగలు కాస్త వెనక్కి జరుగుతాయి. నీళ్లలో గానీ, తేనెలో గానీ అలా జరగదు. తెల్లసొన నూనెలా పారుతుంది, రబ్బరులా సాగి వెనక్కీ వస్తుంది.

ఇలాంటి ద్రవమే మన మోకాలి కీలులోనూ ఉంటుంది. మామూలుగా చెంచాడు కూడా ఉండదు. పేరు సైనోవియల్ ద్రవం. అందులోని హైలురోనిక్ ఆమ్లం అణువులు పొడవాటి దారాల్లా పెనవేసుకుని ఉంటాయి. మెల్లగా నడిస్తే వాటికి విడివడే వ్యవధి దొరుకుతుంది, ద్రవం జారుతుంది. పరుగెత్తితే ఆ వ్యవధి చాలదు. అప్పుడు స్ప్రింగులా తట్టుకుంటుంది.

ఈ రెండు గుణాలనూ కొలవాలంటే ద్రవాన్ని ఊపాలి. తిరగలి రాళ్లలా ఒకదానిపై ఒకటి ఉన్న రెండు బిళ్లల మధ్య చుక్క వేసి, ఒక బిళ్లను అటూ ఇటూ ఆడిస్తారు. మొదట నెమ్మదిగా, తర్వాత వేగంగా.

ఇక లెక్కలు. న్యూటన్ సూత్రంలో చిక్కదనం ఒక్కటే ఉంది, స్ప్రింగు లేదు. కాబట్టి పరుగు సంగతి అది చెప్పలేదు. 1867లో మాక్స్‌వెల్ 'సడలింపు కాలం' అనే ఊహను తెచ్చాడు. సాగిన ద్రవం బిగువు వదలడానికి పట్టే సమయం అది. ఊపు అంతకన్నా నెమ్మదిగా ఉంటే నూనె, వేగంగా ఉంటే స్ప్రింగు. చక్కటి లెక్కే. కానీ మోకాలి ద్రవంలో ఈ మార్పు మాక్స్‌వెల్ చెప్పినంత చురుగ్గా రాదు. అణువుల పొడవులు రకరకాలు, సడలింపు కాలాలూ రకరకాలే. అందుకే అలాంటి లెక్కలు నాలుగైదు కలుపుతారు. కొలతలకు బాగా సరిపోతుంది. అయితే ఒక్కో లెక్క చేర్చినప్పుడల్లా మనం సర్దుకునే అంకెలు రెండు పెరుగుతాయి. అంకెలు ఎక్కువైతే ఏ గీతకైనా సరిపెట్టొచ్చు!

కీళ్లు అరిగినవారిలో ఈ ద్రవం పలచబడి స్ప్రింగు గుణం తగ్గుతుంది. ఆ ఆమ్లాన్నే ఇంజెక్షన్‌గా ఇస్తే కీలు కోలుకుంటుందన్నది ఒక ఆశ. 2022లో బీఎంజే వైద్య పత్రిక 169 పరీక్షల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణను ప్రచురించింది. ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోలిస్తే నొప్పి తగ్గింది గానీ, రోగికి తెలిసేంత కాదని తేలింది. తీవ్రమైన దుష్ఫలితాల ముప్పు కొంత ఎక్కువగానూ కనిపించింది.

లెక్క తప్పా? కాదు. అది చెప్పేది ద్రవం గురించే. మోకాలంటే ద్రవం ఒక్కటే కాదు కదా, మృదులాస్థి, ఎముక, కండరం అన్నీ ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఇంజెక్షన్ సూచిస్తే, తమ విషయంలో ఎంత మేలు ఆశించవచ్చో డాక్టరుగారిని నిదానంగా అడిగి తెలుసుకోండి.