ముందు బస్సుల సంఖ్య పెంచండి

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పించే మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9న మొదలయ్యాక హైదరాబాద్‌ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ బస్సులు మహిళలతో కిటకిటలాడుతున్నాయి. ఇళ్లలో పనిచేసేవాళ్లు, ఆస్పత్రి ఆయాలు, దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు జీరో టికెట్‌ పుణ్యమా అని నెలకింత మిగుల్చుకుంటున్నారు. ఎవరేమన్నా ఇది మంచి పథకం. లోపమల్లా ఎక్కేవాళ్లు పెరిగినంతగా బస్సులు పెరగకపోవడమే. ఆఫీసు వేళ మెహిదీపట్నంలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కాసేపు నిలబడితే విషయం తెలిసిపోతుంది. ఫుట్‌బోర్డు దాకా నిండిన బస్సు స్టాపులో ఆగదు, ఆగినా కాలు పెట్టే చోటుండదు. చివరికి షేర్‌ ఆటోకు డబ్బులు పెట్టక తప్పడం లేదు.

లెక్క కష్టమైనదేమీ కాదు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణం ప్రకారం మెరుగైన సేవ అంటే లక్ష జనాభాకు 60 బస్సులు. కోటి మంది ఉన్న నగరానికి 6,000 కావాలి. హైదరాబాద్‌లో తిరుగుతున్నవి మూడు వేలకు అటూ ఇటూ. బెంగళూరు బీఎంటీసీకి ఆరు వేలకు పైగా ఉన్నాయి. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత ఇక్కడ సిటీ సర్వీసులను కుదించారు. ఆ కోత పూడకముందే కరోనా వచ్చింది. ఈలోగా నగరం ఔటర్‌ రింగ్‌ రోడ్డు దాకా పాకింది.

మెట్రో ఉందిగా అనేవాళ్లున్నారు. నిజమే, 2020 నాటికి 69 కిలోమీటర్లు పూర్తయింది. కానీ తొలి ప్రణాళికలో ఫలక్‌నుమా దాకా ఉన్న లైను ఎంజీబీఎస్‌ దగ్గరే ఆగింది, పాతబస్తీకి రైలు అందలేదు. 2025 మేలో ఛార్జీలూ పెరిగాయి. స్టేషన్‌లో దిగినవాళ్లను ఇంటికి చేర్చాల్సిందీ, మెట్రో లేని కాలనీలకు దిక్కయిందీ బస్సే.

కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్‌ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్‌ బస్సులు కేటాయించారు. పొగ తగ్గుతుంది, సంతోషం. అయితే అవి వచ్చే కొద్దీ డీజిల్‌ బస్సులను ఔటర్‌ బయటికి పంపేస్తే స్టాపులో నిలబడ్డవాళ్లకు ఒరిగేది తక్కువ. సంఖ్య 6,000కు చేరేదాకా, కండిషన్‌లో ఉన్న ఏ బస్సునూ నగరం నుంచి తీయకూడదు. కొత్తవి పాతవాటికి తోడుగానే రావాలి. ఆ భారం ఆర్టీసీ నెత్తిన వేయకుండా ప్రభుత్వమే బడ్జెట్‌లో నిధులు చూపాలి. ఫ్లైఓవర్లకు కోట్లు కేటాయిస్తూ డిపోలకు, ఛార్జింగ్‌ ఏర్పాట్లకు డబ్బు లేదనడం చెల్లదు.

బస్సుకు దారి కూడా ఇవ్వాలి. విజయవాడలో బస్సులకు విడిగా దారి ఇచ్చేందుకు వేసిన రోడ్డుకు బీఆర్‌టీఎస్‌ రోడ్డన్న పేరు మిగిలింది గానీ, దానిమీద అనుకున్న బస్సు వ్యవస్థ నిలవలేదు. అహ్మదాబాద్‌లో 2009లో మొదలైన జనమార్గ్‌ మాత్రం నేటికీ నడుస్తోంది. అక్కడ బస్సులకు విడిగా దారి, స్టేషన్లు, నడిపేందుకు సొంత సంస్థ ఏర్పాటు చేశారు. హైదరాబాద్‌లో చాలా రోడ్లు ఇరుకు, అన్నిచోట్లా ప్రత్యేక లేన్‌ కుదరదు. వెడల్పాటి రోడ్లలో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లోనైనా ఎడమ వరుసను బస్సుకు వదలాలి. బస్‌ బేలలో కార్లు, ఆటోలు ఆపితే జరిమానా వేయాలి. దీనికి కొత్త వంతెనలు అక్కర్లేదు. ట్రాఫిక్‌ పోలీసులు, నగరపాలక అధికారులు, ఆర్టీసీ కలిసి కూర్చుంటే ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.