టైరు అలంకారము కాదు

మోటారు సైకిలుకు నిర్మాతలు సూచించినదానికంటె వెడల్పైన టైరు బిగించుట యువకులలో వేడుకయైనది. దీనిని మేము హర్షింపజాలము. 2.75-18 టైరుకు తగిన రిమ్ముపై మిక్కిలి వెడల్పైనది ఎక్కించినచో దాని ఆకృతి చెడి, మలుపులలో బండి అదుపు తప్పవచ్చును; టైరు గొలుసుకు రాసుకొనవచ్చును. అదే కొలత గలిగి, భారసూచికయు వేగసూచికయు తగ్గని వేరొక కంపెనీ టైరు వేయుట దోషము కాదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము తప్పనిసరి చేసిన బీమా ఇతరులకు కలుగు హానికే. మన బండి నష్టమునకు వేరుగా పాలసీ తీసికొన్నను, తెలుపని మార్పు ప్రమాదమునకు కారణమని తేలినచో బీమా సంస్థ చెల్లింపు నిరాకరింపవచ్చును. వారంటీ గతియు అంతే. కావున మార్పునకు ముందే వారి సమ్మతిని వ్రాతమూలకముగా పొందవలెను.

కళాశాల కమిటీవారు ఈ విషయమై ఒక ఉపన్యాసము ఏర్పాటు చేసిన మేలు. ముచ్చట కొడుకుది, అప్పు తండ్రిది కారాదు.