విద్యుత్సైకిలునకు తాళపుచెవి



మొన్న మా వసారాలో నిలిపిన విద్యుత్సైకిలు పిడిని చిన్నవాడు ఆటగా త్రిప్పినాడు. బండి ఒక్క దూకున పోయి తులసికోటను గ్రుద్దుకొన్నది. బిడ్డకు మోచేయి గీచుకొనుటతో పోయినది గాని మాకు కనువిప్పైనది. బండికి మీట లేకపోలేదు. మీట బిడ్డకును అందును. తాళపుచెవి యైనచో మన బొడ్డున నుండును. కావున చెవితో త్రిప్పు స్విచ్చి పెట్టించితిమి.

ఇం దొక మెలకువ గలదు. బ్యాటరీనుండి కంట్రోలరునకు పోవు లావు తీగెలలో, 36 వోల్టుల బండి యైనచో, సాధారణముగా 15 ఆంపియర్ల దాక ప్రవాహ ముండును. చిన్న స్విచ్చిని వానికి బెట్టినచో నిప్పురవ్వలు లేచి లోపలి రేకులు కాలిపోవును. పెక్కు కంట్రోలరులకు వేరొక సన్నతీగె యుండును. కంట్రోలరును మేల్కొలుపునది అదియే. స్విచ్చి దానికే పెట్టవలెను. అప్పుడు చెవి తీసికొన్నచో, పిడి యెంత త్రిప్పినను మోటారు కదలదు. పనికి ముందు బ్యాటరీని తీయించుడు; ఆ తీగెకు చిన్న ఫ్యూజు వేయించుడు.

అయినను ఇది దొంగకు అడ్డు కాదు. బండిని త్రోసికొని పోవచ్చును. చక్రమునకు గొలుసు తాళము వేయవలసినదే. చెవిని బండికే వదలి లోనికి వచ్చినచో మాత్రము ఈ శ్రమ యంతయు వృథా!