జ్ఞానం కూడా ఆస్తే.. దాని లెక్క తేల్చేదెవరు?

దళితుల ఆస్తి అంటే గుడిసె, గొడ్డు, గుంటెడు భూమి అనే ఇన్నాళ్లూ ప్రభుత్వాలు లెక్కగట్టాయి. ఆ లెక్కను నాగపూర్‌కు చెందిన ఇద్దరు దళిత పరిశోధకులు మార్చేశారు. 2018లో డాక్టర్ క్షిప్రా కమలేష్ ఉకే, డాక్టర్ శివశంకర్ దాస్ ఊర్లో లేని సమయంలో వారి అద్దె ఇంట్లోంచి ల్యాప్‌టాప్‌లు, ఏళ్ల తరబడి సేకరించిన సర్వే సమాచారం పోయాయి. అట్రాసిటీ చట్టం కింద కేసు నమోదైంది. పోయిన పరిశోధనకు పరిహారం ఇవ్వాలని వారు అడిగితే కంటికి కనిపించని దానికి పరిహారం ఏమిటని మహారాష్ట్ర ప్రభుత్వం వాదించింది. మేధో సంపత్తి కూడా ఆస్తేనని, దాని నష్టాన్ని లెక్కగట్టవచ్చని 2023 నవంబరులో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ తీర్పు చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వ పిటిషన్‌ను 2025 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ కేసును ఆ ఇద్దరే స్వయంగా వాదించుకున్నారు.

ఈ తీర్పు మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు ఏం చెబుతోంది?

జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. చిందు మాదిగల విద్యకు దక్కిన గౌరవమది. గౌరవం వేరు, హక్కు వేరు. పాత కథ మీద ఎవరికీ కాపీరైట్ లేకపోవచ్చు. కానీ కళాకారుడి ప్రదర్శన మీద ఆ కళాకారుడికి హక్కుంది. 1957 కాపీరైట్ చట్టం ఆ హక్కును 50 ఏళ్ల పాటు కాపాడుతుంది. వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ ఇవ్వాలని 2012 సవరణ చెబుతోంది. ఊరి జాతరలో చిందును ఫోన్‌లో తీసి, యూట్యూబ్‌లో పెట్టి సంపాదించేవాళ్లలో ఎందరు ఆ కళాకారులను అడుగుతున్నారు?

ఇక మిర్చి. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ ట్యాగ్ వచ్చింది. భూపాలపల్లి రైతులూ ఈ మిర్చి పండిస్తారు. దరఖాస్తు వెనుక మహబూబాబాద్ జిల్లా మల్యాల ఉద్యాన పరిశోధన కేంద్రం కృషి ఉంది. ఇప్పుడు ఆ పేరుతో అమ్ముకునే హక్కు ఎవరిది? 1999 నాటి జీఐ చట్టం 'ఉత్పత్తిదారుడు' అంటుంది, 'పట్టాదారు' అనదు. అంటే కౌలుకు పండించే దళిత రైతు కూడా అధీకృత వినియోగదారుగా నమోదు కావచ్చు. అధికారులు పాస్‌బుక్ చూపించమంటే మాత్రం ఆ రైతు గడప బయటే నిలబడాలి. ఎండలో మిర్చి ఏరే కూలీ తల్లుల ఊసు ఆ చట్టంలో ఎక్కడా లేదు. పేరుకు ధర పెరిగితే కూలి రేటు కూడా పెరగాలన్నది వాళ్ల కోసం మనం విడిగా చేయాల్సిన పోరాటం.

ఈ హక్కులన్నీ కాగితం మీద ఉన్నాయి. కోర్టులో నిలబెట్టాలంటే వకీలు కావాలి. చట్టం ఒక్కటే తెలిసిన వకీలు చాలడు, లెక్క కూడా తెలిసినవాడు కావాలి. ఎందుకంటే హక్కు ఉందని తేలాక జడ్జి అడిగే తర్వాతి ప్రశ్న 'నష్టం ఎంత?' అనే. పోయిన సర్వేను మళ్లీ చేయడానికి ఎంత ఖర్చవుతుంది? అనుమతి తీసుకుని ఉంటే కళాకారుడికి ఎంత ముట్టేది? ఆ వీడియోకు ప్రకటనల మీద ఎంత వచ్చింది? నకిలీ చపాటా వల్ల అసలు రైతు ఎంత పోగొట్టుకున్నాడు? బ్యాలెన్స్ షీటు చదవడం రానివాళ్లు ఎదుటి కంపెనీ చూపిన అంకెకే తలూపాల్సి వస్తుంది.

మన పిల్లలకు ఈ దారి మూసేసి లేదు. పేటెంట్ ఏజెంట్ పరీక్షకే సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి. ట్రేడ్‌మార్క్, కాపీరైట్, జీఐ కేసులు వాదించడానికి ఆ అడ్డు లేదు. బీకాం చదివిన దళిత యువతీ యువకులు కాకతీయ యూనివర్సిటీలో మూడేళ్ల లా చదివితే ఈ రంగంలోకి రావచ్చు. లెక్కల చదువు వాళ్లకు అదనపు బలం.

అందుకే మేం అడుగుతున్నవి మూడు. చపాటా నమోదులో కౌలు రైతులకు పాస్‌బుక్ షరతు ఉండకూడదు. చిందు కళాకారులతో రాతపూర్వక ఒప్పందం లేకుండా ఏ ప్రభుత్వ శాఖా వాళ్ల ప్రదర్శనను వాడుకోకూడదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థల ప్యానెళ్లలో మేధో హక్కులు, లెక్కలు రెండూ తెలిసిన ఎస్సీ, ఎస్టీ లాయర్లకు చోటివ్వాలి.

ఉకే, దాస్ ఇద్దరూ చదువుకున్నవాళ్లు కాబట్టి తమ కేసు తామే వాదించుకోగలిగారు. చిందు కళాకారుడు, కౌలు రైతు అలా వాదించుకోలేరు. వాళ్ల పక్కన నిలబడేవాళ్లను తయారు చేసుకోవడం మన పని.