పరిగె బోయజు పెట్టిన భిక్ష కాదు

ఆదివారం ఆరాధన ముగిశాక చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో మన మందిరాల ముందు కొందరు ఆగిపోతారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్కు జిరాక్సులు. "పింఛన్ ఎందుకు పడలే, అయ్యగారూ?" "కార్డుల మా కోడలి పేరు ఎక్కలే, ఎవలకు చెప్పాలె?" ప్రార్థన చేయించుకున్నాక వారు అడిగేది ఇదే. వారి మాటల్లో ఒక పదం పదే పదే వినిపిస్తుంది. సర్కారు "ఇస్తున్నది", లేదా "ఇస్తలేదు". అంటే, ఇచ్చేవాడి దయ ఉంటే వస్తుంది, లేకపోతే లేదు. సంక్షేమం గురించి మన ఆలోచన సరిచేసుకోవలసింది ఇక్కడే.

చేవెళ్లకు వాగ్దానాలు కొత్త కాదు. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర ఇక్కడే మొదలైంది. 2023 ఆగస్టు 26న కాంగ్రెస్ పార్టీ ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్‌ను మల్లికార్జున ఖర్గే సమక్షంలో ఇక్కడే ప్రకటించింది. ఒక్కో కుటుంబానికి 12 లక్షల రూపాయల సహాయం అందులో ప్రధానమైన మాట. ఆరు గ్యారంటీలలోని 500 రూపాయల గ్యాస్, 200 యూనిట్ల ఉచిత కరెంటు మొదలైన రోజున, 2024 ఫిబ్రవరి 27న, బహిరంగ సభ కూడా చేవెళ్లలోనే జరిగింది. పార్టీలను తూకం వేయడం ఈ సంపాదకీయం పని కాదు. సభలో ఇచ్చిన మాటకూ, పుస్తకంలో రాసిన చట్టానికీ తేడా ఏమిటన్నదే మన ప్రశ్న.

ఆ తేడా మన బియ్యం సంచిలోనే ఉంది. 2013 ఆహార భద్రత చట్టం కింద మామూలు రేషన్ కార్డు ఉన్న ఇంట్లో మనిషికి నెలకు 5 కిలోలు. తెలంగాణలో మనం తెచ్చుకునేది 6 కిలోలు. అయిదు కిలోలు చట్టం రాసినవి, ఆరోది రాష్ట్ర ప్రభుత్వం కలిపినది. వండితే అన్నం ఒకటే. కాని అయిదు కిలోలు ఆగితే ఏ చట్టం ప్రకారం ఆపారని అడగవచ్చు, కోర్టు మెట్లెక్కవచ్చు. ఆరో కిలో ఆగితే వినతిపత్రం ఇచ్చి ఎదురుచూడాలి.

2021లో ప్రారంభమైన దళిత బంధు కింద ఎంపికైన కుటుంబానికి 10 లక్షలు అందాయి. అందినవారికి అది మేలే. కాని ఎంపికలో ఎమ్మెల్యేల సిఫారసు నడిచింది, ప్రభుత్వం మారాక పథకం ముందుకు సాగలేదు. ఇప్పుడు 12 లక్షల మాట ఎప్పుడు నెరవేరుతుందని అడగడానికి కూడా చూపించే సెక్షన్ లేదు. ఆసరా పింఛన్, ఆడవారికి జీరో టికెట్ కూడా ఇలాంటి పథకాలే. చేవెళ్ల నుండి కూరగాయల గంపతో మెహిదీపట్నం బస్సెక్కే తల్లికి ఆ జీరో టికెట్ ఎంత ఆదానో మనకు తెలుసు. అది రేపు ఆగితే అడిగే దారి ఆమెకు ఉండదు.

చట్టాలు మాత్రం శాశ్వతమా? కావు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం అడిగిన 15 రోజుల్లో పని చూపించాలనీ, లేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలనీ రాసింది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. రోజులు 100 నుండి 125కు పెరిగాయి, ఖర్చులో 40 శాతం రాష్ట్రాల మీద పడింది. ఇది మంచిదా కాదా అన్న వాదన ఇంకా నడుస్తోంది. అయితే చట్టం మార్చాలంటే పార్లమెంటులో లేచి నిలబడి చెప్పాలి, ఓటు వేయాలి. పథకం ఆగిపోవడానికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

దేవుని వాక్యం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పొలం కోసేటప్పుడు గట్టు అంచులను పూర్తిగా కోయవద్దనీ, రాలిన పరిగె ఏరుకోవద్దనీ, అవి బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలనీ లేవీయకాండము 19వ అధ్యాయం ఆజ్ఞాపించింది. యజమానికి జాలి కలిగితే విడిచిపెట్టమని అనలేదు. ఆ అంచు మొదటి నుండీ అతనిది కాదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం కారణం కూడా చెబుతుంది: మీరూ ఐగుప్తులో దాసులై ఉన్నారు, అది మరచిపోవద్దు. కాబట్టి రూతు బేత్లెహేము పొలంలో ఏరుకున్న పరిగె బోయజు పెట్టిన భిక్ష కాదు. బోయజు దయ ఆజ్ఞ ముగిసిన చోట మొదలైంది. పనల్లోంచి కూడా కొన్ని గుప్పిళ్లు కావాలనే పడవేయమని పనివారికి చెప్పాడే, అది దయ. హక్కు ముందు, దయ తర్వాత. ఆరో కిలో బోయజు గుప్పిలి లాంటిది, దానికి కృతజ్ఞత చెబుదాం. అయిదు కిలోలకు మాత్రం ఎవరి ముందూ తల వంచనక్కర్లేదు.

ఆ కథలో మరో మాట ఉంది. ఆజ్ఞ ఉన్నా, వేరే పొలాల్లో రూతుకు ఎవరైనా కీడు చేస్తారేమోనని నయోమి భయపడింది. చట్టం ఉంటే చాలదు, కాపలా ఉండాలి. మన దగ్గర అసైన్డ్ భూములే సాక్ష్యం. పేదలకు పంచిన భూమిని అమ్మడం, కొనడం చెల్లదని 1977 చట్టం చెబుతుంది. అవసరంలో ఉన్న పేదవాడు అడ్డికి పావుసేరుకు అమ్ముకుని కూలీ కాకూడదన్నది దాని ఉద్దేశం. భూమిని శాశ్వతంగా అమ్మకూడదన్న లేవీయకాండము 25వ అధ్యాయానికి ఇది దగ్గర. అయినా హైదరాబాదు పెరిగి మొయినాబాద్ దాకా ఫామ్‌హౌస్‌లు వచ్చాక, ఆ చట్టం ఎవరిని ఎంత కాపాడిందో మన పెద్దలను అడిగితే చెబుతారు.

చట్టం గీసే గీత కొందరిని బయట కూడా నిలబెడుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు తెలంగాణలో బీసీ-సి జాబితాలోనే ఉన్నారు, వారి వాటా 1 శాతం. చేవెళ్ల అసెంబ్లీ స్థానం ఎస్సీ రిజర్వుడు, అక్కడ ప్రకటించినది ఎస్సీ డిక్లరేషన్. అదే వాడలో, అదే గోడకు అవతల ఉండే విశ్వాసి కాగితాల మీద ఆ రెంటికీ బయటివాడు. కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన వేసిన కమిషన్ గడువు పొడిగింపులతోనే సాగింది. ఈ అన్యాయం గురించి మనం మాట్లాడాలి. కాని మన వాటా కోసం మాత్రమే మాట్లాడితే ఎవరు వింటారు? పరిగె ఆజ్ఞలో పరదేశి పేరు కూడా ఉంది.

ఆదిమ సంఘం ఏమి చేసిందో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఉంది. రోజువారీ పంపిణీలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగితే, అపొస్తలులు వారిని మందలించలేదు. ఏడుగురిని ఏర్పాటు చేసి ఆ పని అప్పగించారు. ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవారి నుండే బాధ్యులు వచ్చారు.

మన సంఘాల్లో చదువుకున్న యువతీయువకులు ఉన్నారు. ప్రతి సంఘం ఇద్దరిని ఈ పనికి పెట్టగలదు. ఏది చట్టం, ఏది పథకం అని తెలుసుకోవడం, గ్రామసభకూ ఉపాధి పనుల సోషల్ ఆడిట్‌కూ వెళ్లడం, అవసరమైతే సమాచార హక్కు కింద దరఖాస్తు రాయడం వారి పని. మందిరానికి వచ్చేవారికే కాదు, వాడలో ఎవరు అడిగినా చేయాలి. అప్పుడు ఆ ప్లాస్టిక్ కవరు పట్టుకున్న తల్లి "ఇస్తారా?" అని కాక "ఎందుకు ఆపారు?" అని అడగగలదు.