పైథాను భాషయు మన తెలుగు పిల్లలును

ప్రతి సంవత్సరము అక్టోబరు మాసమున పైథాను అను కంప్యూటరు భాషకు నూతన రూప మొకటి వెలువడుచున్నది. 2025 అక్టోబరులో 3.14 అను సంఖ్యగల రూపము వచ్చినది. అది మొదలుకొని కొందఱు తల్లిదండ్రులు మమ్ము గాంచినప్పుడెల్ల "క్రొత్తది వచ్చినదట గదా, అయ్యా! మా పిల్లవానికి ఇంకను పాతదియే చెప్పుచున్నారా?" అని యడుగుచున్నారు. 11, 12 తరగతుల ఎన్.సి.ఇ.ఆర్.టి. కంప్యూటరు శాస్త్ర గ్రంథములు ఈ భాషనే ఆధారముగా గొన్నవి గనుక వారి యాతురత సహజమే. దీనిని గూర్చి మా యభిప్రాయ మిచ్చట విన్నవించుచున్నాము.

పేరు విని కొండచిలువ యని తలపవలదు. హాలెండు దేశీయుడగు గైడో వాన్ రోసమ్ 1991లో ఈ భాషను వెలువరించి, తనకు ప్రియమైన ఇంగ్లీషు హాస్యనాటక బృందమగు మాంటీ పైథాను పేరును దీనికి పెట్టెను.

తల్లిదండ్రులకు మా ప్రత్యుత్తరము సులభము. 3.13కును 3.14కును గల భేదము క్రొత్తగా నేర్చువానికి కానరానంత స్వల్పము. ఒకేసారి పలుపనులు నడపుటకు మేలైన యేర్పాటు, వాక్యముల నమర్చుట కొక నూతన విధానము మొదలగునవి వచ్చినవి. అవి ఆఱితేఱిన వారికి గాని అక్కఱకు రావు. నిరుడు నేర్చిన షరతులు, ఆవృత్తులు, జాబితాలు ఈ యేడును అట్లే నడచును. "నూతన రూపము" అని పలక వ్రేలాడగట్టిన శిక్షణాలయమునకు మరల రుసుము చెల్లింప బనిలేదు.

అయితే ఒక మార్పు మాత్రము నిజముగా పెద్దది. అది 2008 డిసెంబరులో 3.0తో వచ్చినది. మన కృష్ణను జూడుడు. 1855లో ముగిసిన ఆనకట్ట 1952లో గండిపడెను. 1957 నాటికి దానికి బదులుగా ప్రకాశం బ్యారేజి లేచినది. కట్టడము మాఱినది గాని బందరు కాలువయు, ఏలూరు కాలువయు, రైవస్ కాలువయు మాఱలేదు. కాలువ చివరి రైతు తన బోదెను మరల త్రవ్వుకొన నక్కఱలేకపోయెను. భాషను మార్చువారును సాధారణముగా నిట్లే చేయవలెను. 3.0 అట్లు చేయలేదు. పూర్వము వ్రాసిన ప్రోగ్రాములు పెక్కులు నిలిచిపోయినవి. ప్రింటు అను మాట తరువాత కుండలీకరణములు తప్పనిసరి యయ్యెను. 7ను 2చే భాగింపుమన్న పూర్వము 3 వచ్చుచుండగా ఇప్పుడు 3.5 వచ్చుచున్నది (లెక్కల పంతుళ్లమగు మాకు ఇది పరమానందము). పాత రూపమునకు మరమ్మతులు 2020 జనవరి 1వ తేదీతో ఆగినవి. పదునొకండేండ్లు రెండు రూపములు ప్రక్కప్రక్కన నడచి పనివారిని మిక్కిలి విసిగించినవి.

ఆ మార్పును నేటికిని నిందించువారు కలరు. మేము వారితో నేకీభవింపము. ఏలయన, ఆ మార్పువలననే తెలుగక్షరము ఆ భాషలో అక్షరముగా గౌరవింపబడినది. పూర్వము వాక్యమనగా బైట్ల వరుసయే. ముందొక ప్రత్యేకపు గుర్తు నుంచిననే గాని అక్షరములుగా గ్రహించెడిది కాదు. "తెలుగు" అను పదపు పొడవెంత యని యడిగిన 18 అని చెప్పెడిది. యూనికోడును వ్రాయు సాధారణ పద్ధతిలో తెలుగు గుర్తొక్కటికి మూడు బైట్లు పట్టును. ఇప్పుడు 6 అని చెప్పును: త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము. మన మూడవ తరగతి పిల్లవాడు మూడే యనును. వాడు చెప్పినదే సరి! ఆపిల్ సంస్థ 2014లో వెలువరించిన స్విఫ్టు భాష వానివలెనే మూడని లెక్కించును. పైథాను ఈ పాఠ మింకను వంటబట్టించుకొనవలసియున్నది.

మఱియు 3.0తోనే, ప్రోగ్రాములో మనము పెట్టుకొను పేర్లను తెలుగున వ్రాయవచ్చునను అనుమతి వచ్చినది. మొత్తము, సగటు, మార్కులు అని వ్రాసిన యంత్రము అంగీకరించును. దీనిని మన పాఠశాలలు వాడుకొనకుండుట మాకు మిక్కిలి విచారము కలిగించుచున్నది. టోటల్, యావరేజ్ అను పేర్లను పిల్లలు కంఠస్థము చేసి, వానిని మార్చిన ప్రోగ్రాము చెడునని నమ్ముచుందురు. యంత్రము నిర్ణయించిన మాట యేదో, తాము పెట్టుకొన్న పేరేదో వారికి తెలియదు. సగటు అని తెలుగున వ్రాసిన మరుక్షణమే ఆ పేరు తమదని యెఱుంగుదురు.

"రేపు హైదరాబాదులో ఉద్యోగము చేయువానికి తెలుగు పేర్లెందుకు?" అని కొందఱందురు. పైథాను నిర్మాతల శైలినియమములు సైతము తమ గ్రంథాలయమున ఇంగ్లీషు పేర్లనే విధించినవి. నిజమే. కాని పెద్దలు పదిమందితో కలసి చేయు పనికిని ఆఱవ తరగతి బాలుని తొలి పలుకులకును ఒకే నియమమేల? ఇఫ్, వైల్ మొదలగు మూలపదము లెట్లును ఇంగ్లీషుననే యుండును. మాటిమాటికి కీబోర్డు మార్చుట శ్రమయనుటయు సత్యమే. తొలి రెండు మాసములకు ఆ శ్రమ తగినదని మా తలంపు.

ఇందొక చిత్రము గలదు. నేటి వాడుకలో పొల్లుతో ముగియు పేరునకు విభక్తి చేర్చినప్పుడు, పొల్లు ఒత్తుగా మాఱకుండుటకై నడుమ కంటికి కనబడని యొక గుర్తు నుంతురు. పేర్లలో ఆ గుర్తును పైథాను ఒప్పుకొనదు, తప్పని నిలిపివేయును. "రామునకు" అని పూర్వులవలె అజంతముగా వ్రాసినచో ఏ చిక్కును లేదు. గ్రాంథికమున కింతటి యాధునిక ప్రయోజన ముండునని మేమెన్నడు ననుకొనలేదు! అంకెల సంగతి మఱియొక విధము. పిల్లవాడు జవాబుగా ౨౫ అని యిచ్చిన, సంఖ్యగా మార్చుమన్నప్పుడు దానిని 25గా గ్రహించును. ప్రోగ్రాములోనే ౨౫ అని వ్రాసిన మాత్రము త్రోసిపుచ్చును.

ఇటీవలి రూపములలో మేము మిక్కిలి మెచ్చుకొనునది తప్పును చూపు తీరు. కుండలీకరణము మూయకున్న పూర్వము మఱియొక పంక్తిని జూపి "తప్పు" అని యూరకుండెడిది. 2021 నాటి 3.10 ఏ కుండలీకరణము మూయబడలేదో చెప్పును. 2022 నాటి 3.11 పంక్తిలో దోషమున్న భాగము క్రింద గీతలు పెట్టి చూపును. 3.14 వైల్ అను పదమున నొక యక్షరము తప్పిన, "వైల్ అని మీ యుద్దేశమా?" యని యడుగును. ఎఱ్ఱసిరాతో సున్న చుట్టి పుస్తకము విసరివేయు ఉపాధ్యాయునికిని, తప్పు ప్రక్కన వ్రేలుంచి చూపు ఉపాధ్యాయునికిని గల భేదమిది.

కాని ఈ సలహాలన్నియు ఇంగ్లీషుననే యున్నవి. పల్లెనుండి వచ్చిన బాలు డా వాక్యమును చదువకయే కిటికీ మూసివేయుచున్నాడు. అందుచే మేము తఱచుగా కనబడు హెచ్చరికలకు తెలుగర్థములు వ్రాసి కంప్యూటర్ల గదిలో గోడకు అతికించితిమి: సింటాక్స్ ఎర్రర్ అనగా వాక్యనిర్మాణ దోషము, నేమ్ ఎర్రర్ అనగా ముందు చెప్పని పేరు వాడుట, ఇండెంటేషన్ ఎర్రర్ అనగా పంక్తి మొదట విడువవలసిన చోటు తప్పుట. ఇంకను వ్రాయవలసినవి కలవు. పదవ తరగతి విద్యార్థు లిద్దఱు ఆ పనిలో మాకు తోడ్పడుచున్నారు.